సుగుణమ్మకు నేనిచ్చిన మాత్రలు

ఎనిమిదేళ్ళుగా ఒక విషయం ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాను. అన్నం తింటున్నాను, షాపు తెరుస్తున్నాను, ఏడాదికి రెండుసార్లు అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి దణ్ణం పెట్టుకొస్తున్నాను. అక్కడ కూడా నోరు తెరవలేదు. దేవుడికి తెలియనిదేముందిలే అని సర్దుకున్నాను. దేవుడికి తెలిస్తే సరిపోతుందా? తెలియాల్సింది ఆయనకా?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. చదివాక మీరు, పాపం, పొరపాటు చేశాడు అంటారేమో. ఆ మాట అనొద్దు. పొరపాటంటే తెలియక చేసేది. నేను తెలిసి చేశాను. చేసి, ఏమీ తెలియనివాడిలా నిలబడ్డాను. నా మీద నాకు జాలి లేదు. కోపం ఉంది. ఆ కోపంతోనే రాస్తున్నాను, వాక్యాలు తిన్నగా రాకపోతే మీరే సర్దుకుని చదువుకోండి.

చిత్తూరులో నాకు మందుల షాపు ఉంది. చిన్నప్పుడు డాక్టరు కావాలనుకున్నాను. సీటు రాలేదు. మందుల కోర్సు చదివి షాపు పెట్టాను. దగ్గుకో, వాంతులకో, చీటీ లేకుండా వచ్చేవాళ్ళు నన్ను డాక్టరప్పా అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మందుల డబ్బాల్లో మడత పెట్టి ఉండే కాగితాలన్నీ చదివేవాణ్ణి. చదివినదంతా నాకు తెలిసిపోయిందనుకునేవాణ్ణి.

మా షాపుకు నాలుగిళ్ళ అవతల, మేడ మీద, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నడిపే ఆవిడ పేరు ఇక్కడ సుగుణమ్మ అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు. ముప్పై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. తల్లితో కలిసి ఆ మేడ మీదే వెనక గదుల్లో ఉండేది. అన్న ఒకాయన పలమనేరు హైస్కూల్లో టీచరు. ఆయన్ను ప్రకాశం అనుకోండి. ఆదివారం చర్చికి తప్ప సుగుణమ్మ బయట పెద్దగా కనపడేది కాదు. కానీ పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆమె మిషన్ల చప్పుడు మా వీధిలో అందరికీ వినపడేది. ఆరు మిషన్లు. నాలుగు ఇంగ్లీషు, రెండు తెలుగు. లోయరూ హయ్యరూ పరీక్షలకు మా ఊరి పిల్లల్లో సగం మంది ఆమె దగ్గరే నేర్చుకున్నారు. కలెక్టరాఫీసుకు అర్జీలు పెట్టుకునేవాళ్ళు కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు కొట్టి ఇచ్చేది కాదు. వాళ్ళ గోడు పూర్తిగా విని, ఏది ముందు రాయాలో ఏది వెనక రాయాలో తనే చూసి కొట్టేది.

ఒక చలికాలం ఆ మిషన్లు ఆగిపోయాయి. సుగుణమ్మ మంచం దిగడం మానేసింది. తల్లి మా షాపుకొచ్చి, "పాప పలకదప్పా. అన్నం ముందర పెడ్తే సూస్తా ఉంటాది, తినదు," అని ఏడ్చింది. ప్రకాశం వచ్చి చెల్లెల్ని తిరుపతికి తీసుకుపోయి మనసు జబ్బుల డాక్టరుకు చూపించాడు. ఆయన ఇమిప్రమిన్ అని ఒక మాత్ర రాశాడు. దిగులు జబ్బుకు అది మంచి మందు. నాలుగు వారాలకు సుగుణమ్మ తల దువ్వుకుంది. అయిదో వారం మిషన్ల మీద గుడ్డలు తీసింది. వీధిలో మళ్ళీ చప్పుడు మొదలైన రోజు నేను షాపు బయటికొచ్చి నిలబడి విన్నాను. అది నిజం. ఆమె బాగుపడాలనే అనుకున్నాను.

నెల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు. ఆమె పోలేదు. పనుంది, నువ్వే ఇయ్యి షాపన్నా అంది. పాత చీటీ మీదే నేను నెలనెలా ఇస్తూ పోయాను. పొయ్యి డాక్టరుకు చూపించుకోమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకంటాను? నేనే కదా డాక్టరప్పను.

కొన్నాళ్ళకు ఆమె మాట వేగం పెరిగింది. నిద్ర తగ్గింది. గోడలకు తనే సున్నం కొట్టింది, నచ్చక మళ్ళీ కొట్టింది. ఇన్‌స్టిట్యూట్‌కు కలెక్టరు వస్తున్నాడని పిల్లలందరికీ చెప్పి, చర్చిలోంచి కుర్చీలు తెప్పించింది. మళ్ళీ తిరుపతి. ఇది ఒట్టి దిగులు జబ్బు కాదు, కిందికీ పోతుంది, పైకీ పోతుంది అన్నాడు డాక్టరు. ఇమిప్రమిన్ ఆపి లిథియం మొదలుపెట్టాడు. పాత చీటీ మీద అన్ని నెలలు ఎవడిచ్చాడని అడిగి, నన్ను పిలిపించాడు. పోయాను. బయట బెంచీల మీద పాతికమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందు, "నువ్వు పొట్లాలు కట్టేవాడివి. పొట్లాలు కట్టుకో. వైద్యం చెయ్యకు," అన్నాడు. నా కన్నా చిన్నవాడు. ఆయన అన్నది న్యాయమే. కానీ ఆ రోజు బస్సులో పూతలపట్టు దాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి. అక్కడ దిగి టీ తాగితే టీ కూడా చేదుగా ఉంది. ఆ చేదు దాచుకున్నాను. మీరు గమనించాల్సింది అదే.

ఈ రెండు మందుల తేడా మీకు చెప్పాలి. లేకపోతే నేను చేసిందేమిటో మీకు అర్థం కాదు. ఇమిప్రమిన్ కిందికి పోయిన మనిషిని పైకి తెస్తుంది. ఒట్టి దిగులే అయితే అంతటితో సరి. సుగుణమ్మ లాంటి జబ్బున్నవాళ్ళను మాత్రం పైకి తెచ్చి ఆగదు, ఇంకా ఇంకా పైకి తోస్తుంది. లిథియం అలా ఎత్తే మందు కాదు. మనిషిని అటూ ఇటూ పోకుండా మధ్యలో నిలబెడుతుంది. కానీ దాంతో పని జాగ్రత్త. కాస్త తక్కువైతే పని చెయ్యదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకే రెండు నెలలకోసారి రక్తం తీసి చూడాలి. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు మానకూడదు. చేతులు సన్నగా వణుకుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చే మందులు కావివి. నేను కాగితాల్లో చదివాను. చదివి కూడా, రెండూ మనసు జబ్బుకే కదా అనుకున్నాను.

లిథియంతో సుగుణమ్మ ఏడాదిన్నర బాగుంది. నవ్వాల్సినప్పుడు నవ్వేది, అలిసినప్పుడు పడుకునేది. రెండు నెలలకోసారి పొద్దున బస్సెక్కి తిరుపతి పోయి రక్తమిచ్చి వచ్చేది. వణుకొక్కటే ఆమెకు బాధ. టైపు నేర్పే మనిషికి వేళ్ళు వణకడమంటే ఏమిటో ఆలోచించండి. తప్పులు పడేవి. పిల్లలు వెనక నవ్వుకునేవాళ్ళు. ఒకసారి షాపు కౌంటరు మీద రెండు చేతులూ చాచి చూపించి, "దీనికేమన్నా ఉండాదా షాపన్నా?" అని అడిగింది. లేదన్నాను. ఆ చేతులు నాకు గుర్తున్నాయి.

తర్వాత ఒక నెల మద్రాసు నుంచి లిథియం రాలేదు. ఇంకో మూడు వారాలు పడుతుందని ఏజెన్సీవాళ్ళు ఉత్తరం రాశారు. నేను చెయ్యాల్సిన పని ఒకటే. నా దగ్గర లేదమ్మా, తిరుపతిలో తెచ్చుకో అనాలి. రెండు గంటల బస్సు ప్రయాణం. అంతే. అనలేకపోయాను. తిరుపతి పోతే ఆ డాక్టరుకు తెలుస్తుంది కదా, ఆ పొట్లాలు కట్టేవాడి దగ్గర మందు కూడా లేదంట అని. ఈ ఒక్క ఆలోచన. ఇంత చిన్నది. ఒక మనిషి బతుకు కన్నా నాకు ఇదే పెద్దదైంది ఆ మధ్యాహ్నం.

ముందు ఆమె వాడిన ఇమిప్రమిన్ ముదురు గోధుమ రంగు. నా దగ్గర వేరే కంపెనీది ఉంది, లేత పసుపు. గోధుమ రంగుదైతే గుర్తు పడుతుంది. పసుపుది తీశాను. చూశారా, నా చేతికి ఎంత తెలివి ఉందో. లిథియం మాత్రలెప్పుడూ చిన్న సీసాలో పోసిచ్చేవాణ్ణి. అదే సీసాలో ఇవి పోశాను. మీద అదే చీటీ అంటించాను.

సుగుణమ్మ సీసా వెలుగులోకి ఎత్తి చూసింది. "ఇవి రంగు తేడాగా ఉండాయే షాపన్నా?" అంది.

"కంపెనీ వేరే. మందు ఒకటే," అన్నాను.

సీసా సంచిలో వేసుకుని పోయింది. నమ్మింది. నన్ను నమ్మకపోవడానికి ఆమెకు కారణమేముంది?

మూడు వారాలకు లిథియం వచ్చింది. అప్పుడైనా మార్చి ఉండొచ్చు. మార్చాలనే అనుకున్నాను, అనుకున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ నెల నిండి ఆమె సీసా పట్టుకుని వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. మళ్ళీ రెండు చేతులూ చాచింది. వణుకు లేదు. "సూడన్నా, ఎట్ల నిలిచినాయో. ఈ కంపెనీదే మంచిది. ఇంగ ఇదే ఇయ్యి," అంది. నాకు ఛాతీ పొంగింది. పాతికమంది ముందు నన్ను తిట్టినవాడు ఏడాదిన్నర చెయ్యలేనిది నేను నెలలో చేశాను అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ వెలుగు లిథియం అందని మనిషి పైకి పోతున్న వెలుగని నాకు తెలియదా? నేను చదవలేదా? ముందొకసారి కళ్ళారా చూడలేదా? చూశాను. అయినా పసుపు మాత్రలే మళ్ళీ పోసిచ్చాను. మొదటి నెల నా అహంకారాన్ని కాపాడుకోవడానికి. రెండో నెల దాన్ని పండగ చేసుకోవడానికి.

ఆ రెండో నెలలోనే అయిపోయింది. మూడు రోజులు మిషన్లు ఆగకుండా మోగాయి. నాలుగో రోజు ఆమె రెండు మిషన్లు దింపించి, బస్టాండులో ఎవరో తెలియని పిల్లలకు ఇచ్చేసింది. కోర్టు ముందు చెట్టు కింద కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళందరికీ అర్జీలు కొట్టి ఇస్తానని కేకలు పెట్టింది. జడ్జి లోపల ఉన్నాడు, నా మాట వినాలి అని మెట్లెక్కింది. పట్టుకోబోయిన బంట్రోతు చొక్కా చింపింది. జనం మూగారు. నవ్వారు. నాలుగేళ్ళు ఆమె దగ్గర నేర్చుకుని గుమస్తా ఉద్యోగం సంపాదించిన ఒకడు కోర్టు వరండాలో నిలబడి నవ్వడం నేను చూశాను. నేనూ ఆ జనంలోనే ఉన్నాను మరి. ప్రకాశం పలమనేరు నుంచి వచ్చి, తల్లి చీరతో ఆమె చేతులు కట్టి, టాక్సీలో తిరుపతికి తీసుకుపోయాడు.

రెండు రోజులకు ప్రకాశం కబురు చేశాడు. చెల్లెలి మందుల సీసా డాక్టరు చూడాలన్నాడట, ఇన్‌స్టిట్యూట్ తాళం తల్లి దగ్గర ఉంది, తీసుకుని నన్నే రమ్మన్నాడు. అంత నమ్మకం నా మీద.

మేడెక్కాను. సీసా తెలుగు మిషను బల్ల సొరుగులో ఉంది. దాని కింద ఒక కాగితం. రోజుకు మూడు గీతల చొప్పున, తేదీలు వేసి, మింగిన ప్రతి మాత్రా టైపు కొట్టి పెట్టుకుంది. ఒక్క పూట తప్పలేదు. పసుపు మాత్రలిచ్చిన రోజు పక్కన ఒక వాక్యం ఉంది. మాత్ర రంగు మారింది, షాపులో అడిగాను, కంపెనీ వేరే, మందు ఒకటే అన్నారు.

అన్నారు. అన్నాడు అని కూడా కొట్టలేదు.

ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి, కిందికి దిగి, కాలువలో వేశాను. సీసాలో మిగిలిన పసుపు మాత్రలు తీసేసి, నా షాపుకు పోయి, అన్నే లిథియం మాత్రలు పోశాను. భయంలో చేశాను, ఆలోచించడానికి టైము లేదు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. తిరుపతి బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. బస్టాండులో కూర్చుని పేపరు చదివాను.

ఆమెను చేర్చుకున్న రోజు తీసిన రక్తపరీక్ష ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజు ప్రకాశం నన్ను తోడు రమ్మన్నాడు. డాక్టరు గదిలో సుగుణమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. మందులిచ్చి కాస్త అణిచారు. గొంతు బొంగురుపోయింది. అయినా తెలివిలోనే ఉంది. ఆ గదిలో నిజం చెప్పినది ఆమె ఒక్కతే. ఆ మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

డాక్టరు కాగితం చూసి, "రక్తంలో లిథియం లేదమ్మా. ఆనవాలు కూడా లేదు. ఎన్నాళ్ళయింది మానేసి?" అన్నాడు.

"మానలేదు సార్. దినామూ మూడు పూట్లా మింగినాను."

"మింగితే రక్తంలో కనపడాలి కదా. సీసాలో ఉన్నవి లిథియం మాత్రలే, చూడు."

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. మూత తీసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. "ఇవి కాదు సార్ నేను మింగింది. అవి పసుపుగా ఉండాయి," అంది.

డాక్టరు ప్రకాశం వైపు చూశాడు. ప్రకాశం తల దించుకున్నాడు.

"నా కాగితం ఉండాది సార్. దినామూ కొట్టి పెట్టినాను. మిషను కింద సొరుగులో ఉండాది." నా వైపు తిరిగింది. "షాపన్నా, సొరుగు తీసింది నువ్వే గదా. కాగితం సూసినావు గదా."

"సొరుగులో సీసా ఒగటే ఉన్నిందమ్మా," అన్నాను.

ప్రకాశం లేచి ఆమె చెంప మీద కొట్టాడు. "ఇంగ సాలించు. ఎంతమంది ముందర నా మానం తీస్తావు?" అన్నాడు. డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. సుగుణమ్మ చెంప తడుముకోలేదు. ఏడవలేదు. నన్నే చూస్తోంది.

"నువ్విచ్చినవే గదన్నా నేను మింగింది. సెప్పన్నా సార్‌కి. నువ్వు సెప్తే నమ్ముతారు."

నేను డాక్టరు వైపు చూసి అన్నాను. "ఇచ్చింది నిజం సార్. మింగిందో లేదో నాకెట్ల తెలుస్తాది?"

ఆ వాక్యంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, చూశారా? అంత జాగ్రత్తగా అన్నాను. డాక్టరు నా వైపు మెత్తగా చూశాడు. "మీరేం చేస్తారు లెండి. ఈ జబ్బులో ఇది మామూలే," అన్నాడు. మీరు అన్నాడు. ఆయన నోట నాకు మీరు దొరికింది. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఇది రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ఏం లాభం? సంతోషం కలిగింది.

మాత్రలు మానేసే మనిషి అని ఆమె ఆస్పత్రి కాగితాల మీద రాశారు. అలాంటివాళ్ళకు నూనెలో కలిపిన సూదిమందు ఉంటుంది, మూడు వారాలకోసారి వేస్తారు, మింగే పని లేదు. అది మొదలుపెట్టారు. పిచ్చి ఊపు తగ్గింది. దాంతోపాటు మనిషీ తగ్గింది. నడక బిగుసుకుపోయింది. ముఖంలో ఏ భావమూ పలికేది కాదు. నోటి చివర తడి. వణికే వేళ్ళతోనైనా కొట్టిన మనిషి ఇప్పుడు అసలు వేళ్ళు వంచలేకపోయింది. ఆ సూదిమందు నా షాపులోంచే పోయేది. నేనే పట్టుకుపోయి, పక్క వీధి నర్సమ్మను వెంటబెట్టుకుని మేడెక్కేవాణ్ణి. సుగుణమ్మ తల్లి నా చేతులు పట్టుకుని, "నీ మాదిరి ఎవురు సూస్తారప్పా. నీ బిడ్డలు సల్లగుండాల," అనేది. నేను ఆ దీవెన తీసుకుని మెట్లు దిగేవాణ్ణి. ఎన్నిసార్లో చెప్పలేను.

ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఏడాదికి ప్రకాశం తల్లినీ చెల్లెల్నీ పలమనేరు తీసుకుపోయాడు. తల్లి అక్కడే పోయింది. కూతురు మందులు మానేసి బతుకు పాడు చేసుకుందన్న బాధతోనే పోయింది. ఆమె కోపం ఆఖరిదాకా కూతురి మీదే. ఆ కోపం నాది. నాకు రావాల్సింది. చిరునామా మార్చి పంపించినవాణ్ణి నేను.

నాకు కోపమొచ్చేది నా మీదే కాదు. డాక్టరు మీద కూడా వస్తుంది. ఆయన రక్తపరీక్ష కాగితాన్ని నమ్మాడు, మనిషిని నమ్మలేదు. పసుపు అన్న ఒక్క మాట పట్టుకుని, ఏ పసుపు, ఎవరిచ్చారు అని ఒక్క ప్రశ్న అడిగుంటే నేను ఆ గదిలోనే దొరికిపోయేవాణ్ణి. ప్రకాశం మీద వస్తుంది. నవ్విన ఆ గుమస్తా మీద వస్తుంది. తల చెడిందని ఒకసారి పేరు పడితే ఇక ఆ మనిషి ఏం చెప్పినా తల చెడిన మాటే అవుతుంది, ఊరికంతా అదే లెక్క. కానీ ఆ లెక్క నాకు ముందే తెలుసు. తెలిసే దాని వెనక దాక్కున్నాను. వాళ్ళు మోసపోయారు. మోసం చేసింది నేను. నా కోపాన్ని పదిమందికి పంచి నా వాటా తగ్గించుకుందామని చూస్తున్నానా? అలాగే ఉంది. ఆపేస్తాను.

ఇంకొకటి చెప్పాలి. కాగితం చింపడం కన్నా ఇదే నన్ను ఎక్కువ తింటోంది.

పలమనేరు పోయిన కొన్నేళ్ళకు వేరే డాక్టరు ఆమెను చూసి, సూది ఆపి, మళ్ళీ లిథియం ఇచ్చాడట. మెల్లగా తేరుకుంది. టైపు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేదని విన్నాను. ఒకనాడు మధ్యాహ్నం గొడుగు ముడుచుకుంటూ నా షాపు మెట్లెక్కింది. జుట్టు నెరిసింది. నేను లేచి నిలబడ్డాను. చిత్తూరులో ఏదో పనుండి వచ్చానని చెప్పి, నా పిల్లల గురించి అడిగింది. తర్వాత కౌంటరు వైపు చూస్తూ అంది.

"ఆ పొద్దు తిరుపతిలో నీ మీదికి నింద దెచ్చినాను షాపన్నా. పసుపు మాత్రలని ఏందేందో వాగినాను. మనసులో పెట్టుకోవాకు. నేనే మానేసినట్టుండాను. మింగినట్టే గురుతు నాకు. ఆ గురుతును నమ్ముకుంటే ఎట్ల, నా తలకాయ సరిగా ఉంటే గదా."

నవ్వింది కూడా.

ఇంతమంది నమ్మలేదు, చివరికి ఆమె కూడా ఆమెను నమ్మడం మానేసింది. తన కళ్ళు చూసిన రంగును, తన నోరు మింగిన మాత్రను తనే కాదనుకుంది. షాపులో ఎవరూ లేరు. ఒక్క వాక్యం చాలు. పసుపువే ఇచ్చినానమ్మా. అంతే. నోటిదాకా వచ్చింది. వచ్చిందా? వచ్చిందనే అనుకుంటున్నాను, కానీ నా మాట మీరెందుకు నమ్మాలి.

"దాందేముండాదిలేమ్మా," అన్నాను.

నేను ఆమెను క్షమించాను. మీకు అర్థమవుతోందా? ఆమె అడిగింది, నేను క్షమించాను. ఆమె తేలికపడి, గొడుగు తెరుచుకుని పోయింది.

పోయిన వానాకాలంలో సుగుణమ్మ కామెర్లతో చనిపోయింది. పలమనేరు పోయాను. సమాధి మీద మట్టి వేశాక ప్రకాశం నా పక్కకు వచ్చి, "ఆ పొద్దు మాత్రలు మానకుండా ఉండింటే దీని బతుకు ఇట్లయ్యేది కాదప్పా," అన్నాడు. నేను తల ఊపాను. అవునన్నట్టు. మట్టి ఇంకా తడిగా ఉంది, నేను తల ఊపాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఊపకుండా ఉన్నా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. ఎనిమిదేళ్ళ అలవాటు, దానంతట అదే ఊగింది. బస్సులో ఇంటికొస్తూ ఆ తలను నా మెడ మీద మోయలేకపోయాను.

మీకు రాయడానికి ముందే ప్రకాశానికి ఉత్తరం రాశాను. ఇందులో ఉన్నదంతా అందులోనూ ఉంది, నా పేరుతో, సంతకంతో. క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగే హక్కు నాకు లేదు, పైగా ఆయన క్షమిస్తే అది ఆయన చెల్లెలికి ఇంకో అన్యాయం. మీ చెల్లెలు ఒక్క పూట కూడా మానలేదు, నేనిచ్చింది ఇచ్చినట్టు మింగింది, ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం అని రాశాను. రిజిస్టరు పోస్టులో పంపాను, రాలేదనడానికి వీల్లేకుండా.

ఇరవై రోజులైంది. అందినట్టు కార్డు తిరిగొచ్చింది. మీద ప్రకాశం సంతకం ఉంది. ఇంకేమీ లేదు. ఆయన రాలేదు, తిట్టలేదు, పోలీసులను పంపలేదు. షాపు ముందు ఏ బస్సు ఆగినా లేచి చూస్తున్నాను. వస్తే మంచిది. రాకపోయినా నేను అడగడానికేమీ లేదు.

సుగుణమ్మ మాత్రలు మింగిందని ఇన్నేళ్ళూ ఈ భూమి మీద నాకు ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఆయనకూ తెలుసు. మీతో కలిపి ముగ్గురం.